డెల్లవ్వకు మక్క రొట్టె

జనవరి 18, ఆదివారం

డెల్లా రోర్క్ చనిపోయింది. ఈసారి నిజంగానే.

పొద్దున సామాన్ రూము తాళం తీస్తూ ఫోన్లో చూశాను. నాలుగు వాక్యాలు. పాతకాలపు హాలీవుడ్ నటి — వృద్ధాశ్రమంలో — నిద్రలో. పక్కన వేసిన ఫోటో ఆమెది కాదు. ఆమెతో కలిసి నటించిన ఇంకో అమ్మాయిది. చనిపోయిన రోజు కూడా ఆమె ముఖం ఆమెకు దక్కలేదు.

బయట ఫోర్‌మన్ యల్లా యల్లా, తొందరగా అంటున్నాడు. క్లాంపులు, బెల్టులు, హెల్మెట్లు ఇచ్చి పంపాను. బస్సు రిఫైనరీ వైపు వెళ్ళిపోయింది. కుర్చీలో కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అని కాసేపు చూశాను. డెబ్బై దాటినవాడి కళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఏది ఏడుపో, ఏది శుక్లమో డాక్టరు చెప్పాలి.

జనవరి 19

నేను చూసిన వాటిలో ఆమె బతికి బయటపడ్డ సినిమా ఒక్కటే. మిగతా అన్నిట్లో చంపారు. తుపాకీ, నది, క్షయ, గుర్రం, మేడ మెట్లు. హీరో మంచివాడని జనానికి తెలియాలంటే ముందు ఈమె పోవాలి. పోయాక అతను టోపీ తీసి కాసేపు నిలబడతాడు. తర్వాత ఇంకో అమ్మాయి గుర్రబ్బండి దిగుతుంది.

గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో, ఇక్కడి చమురు కంపెనీ దొరల క్లబ్బులో సినిమా హాలు. నేను ఊడ్చేవాణ్ణి. మీసాలు అప్పుడే నల్లబడుతున్న వయసు. ఆపరేటర్ గోవా ఆయన, నడుంనొప్పి మనిషి — ఆ నొప్పి పుణ్యాన నన్ను పైకి పిలిచాడు. అప్పటికే పాతబడ్డ సినిమాలు, తక్కువ అద్దెకు వచ్చేవి. ఆట అయ్యాక రీళ్ళు వెనక్కి చుట్టడం నా పని. చేత్తో తిప్పాలి. ఫిల్ము అంచు రెండు వేళ్ళ మధ్య జారుతుంటే అతుకు ఎక్కడ వదులైందో వేలికే తెలిసిపోతుంది. ఆట అయ్యేసరికి ఆమె చావు పైకి ఉంటుంది, మొదటి నవ్వు అడుగున ఉంటుంది. నేను చుట్టేసరికి నవ్వు పైకి వస్తుంది, చావు అడుగుకు పోతుంది.

రేపటి ఆటకు ఆమెను బతికించి పెట్టడం — అదీ నా డ్యూటీ. ఓవర్‌టైం లేదు.

ఇప్పుడా హాలు లేదు. ఆపరేటర్ లేడు. ఈసారి వెనక్కి చుట్టేవాడు ఎవడూ లేడు.

జనవరి 20

సాయంత్రం రూములో చెప్పాను. చెప్పక తప్పదు. ఈ క్యాంపులో ఆమె అందరికీ తెలిసిన మనిషి. టీవీ లేని రోజుల నుంచి శుక్రవారం తిన్నాక నేను సినిమా చెప్పడం, వీళ్ళు మంచాల మీద పడుకుని వినడం అలవాటు. ఇప్పుడు ప్రతివాడి చేతిలో ఫోనుంది, అయినా వింటారు. వాళ్ళ నోట్లో పడి డెల్లా రోర్క్ ఎప్పుడో డెల్లవ్వ అయిపోయింది.

బస్సు నడిపే పోశెట్టి లేచి కూర్చున్నాడు. "అవ్వ! ఎట్ల సచ్చింది కాక? ఈపాలి గుర్రమా, మెట్లా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, ఆ ప్రశ్న నేర్పింది నేనే.

మల్లేశ్ నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరిగాడు.

"దినాలు ఎవలు జేస్తరు కాక ఆమెకు?"

వాడి నోట్లోంచి మాట వచ్చి ఎన్నాళ్ళైందో. పోశెట్టి చెప్పులు వెతుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

జనవరి 21

మల్లేశ్ సంగతి ఇక్కడ రాయకూడదనుకున్నాను. కానీ రాస్తే కాగితం కూడా కొంత మోస్తుంది.

దసరా అయ్యాక పద్మ పోయింది. వాడి భార్య. బీడీలు చుడుతూ చుడుతూ చాట పక్కకు పెట్టి, గుండెల్లో మంట అన్నదట. కారు తెచ్చేలోపే. వీడి వీసా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారుతోంది, పాస్‌పోర్టు ఏదో ఆఫీసులో ఇరుక్కుంది. వాడు తిరగని ఆఫీసు బల్ల లేదు. చితి ఫోన్లో చూశాడు. పిట్టకు పెట్టడం కూడా ఫోన్లోనే.

నేను పక్కనే ఉన్నాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి దూరం జరుగుతాం మేము. పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తిన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ఇదంతా నిజమా అని నన్నడిగితే — రీలు చుట్టినవాణ్ణి, నిజం గురించి నన్నడగకూడదు.

వాడి తమ్ముడు ఊళ్ళో అందరికీ పెట్టేవే పెట్టాడు. మేక కూర, గారెలు, కల్లు, ఒక గ్లాసు చాయ్. ఫోన్ ఆకువైపు తిప్పి పట్టుకున్నాడు. ఆకు, ఎండ, ఆకు. ఎవరెవరో మాటిస్తున్నారు — "పోరిని మంచిగ సూస్కుంటమే పద్మా, వచ్చి తిను." పిట్ట రాలేదు. చివరికి తమ్ముడి గొంతు: "అన్నా, ఎండ ముదురుతున్నది. ఆవుకు పెడ్తం మరి." ఫోన్ కట్ అయింది.

అప్పటి నుంచి వాడు సగం అన్నం పారేస్తాడు. ఒక్కసారి మాత్రం అన్నాడు, బాత్రూం దగ్గర బకెట్ పట్టుకుని: "అది ఆకలితోటి పోయింది కాక."

జనవరి 23, శుక్రవారం

ఇవ్వాళ సినిమా కాదు, ఆమె బతుకే చెప్పాను.

పత్తి పండే ఊరు. కౌలు రైతుల ఇల్లు. తండ్రి మాట ఎక్కడా లేదు. తల్లి నలుగురు కూలీలకు వండిపెట్టి పిల్లల్ని సాకింది. అసలు పేరు ఓపల్. పదహారేళ్ళకు సంతలో అందాల పోటీ — బహుమతిగా ఒక దూడ. ఎవరో ఫోటో తీశారు, ఆ ఫోటో ఎక్కడికో పోయింది, ఒకరోజు రైలు టికెట్ వచ్చింది. స్టూడియో వాళ్ళు ముందు పేరు తీసేశారు. తర్వాత నుదుటి మీద జుట్టు పీకి నుదురు పెద్దది చేశారు. రెండు పళ్ళు అరగదీశారు. మాట్లాడే యాస మార్చారు. పూటకు ఒక గుడ్డు, నల్ల కాఫీ, ఆకలి చావడానికి మాత్రలు.

"గుడ్డేనా? దొరలు గూడ మెస్సు బిల్లు మిగిలిస్తరా!" అని పోశెట్టి.

మిగిలిన బతుకంతా ఆమెకు గుర్తొచ్చేది ఒకటే అని పత్రికలో చదివాను. చిన్నప్పుడు తల్లి కాల్చిన మక్క రొట్టె, గ్లాసులో తుంపి, పుల్లటి చల్ల పోసుకుని చెంచాతో తినడం.

ఇంతవరకు ఈ ముక్క ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేసరికి మంచాలన్నీ లేచి కూర్చున్నాయి.

"మక్క రొట్టె సల్లలనా?"

"నిజమేనా కాక? మా అవ్వ గట్లనే తింటది!"

"అరె, మనోళ్ళ పోరే గదరా! పత్తి ఏరింది, మక్కలు తిన్నది... దుబాయి బదులు సినిమాకు పోయింది గంతే." మావాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

చాలా రోజుల తర్వాత రూములో పండగలా ఉంది. వంట దానియేలు కూడా గుమ్మంలో నిలబడి వింటున్నాడు. కోనసీమ మనిషి, ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి చర్చి ప్రార్థనకు తెల్ల చొక్కా వేసుకున్నాడు. "ఏవండీ మాస్టారూ, మరి నన్నడిగితే నేను చేసిపెట్టనా ఆవిడకి! అమెరికా నుంచి నాకెవరూ కబురు చెప్పలేదు గానీ."

అప్పుడు మల్లేశ్ మంచం దిగి నా దగ్గరకొచ్చి కింద కూర్చున్నాడు.

"ఆమెకేమిష్టమో నీకెర్కే గద కాక?"

"చదివిన గదరా."

"సముద్రాల అవుతల ఉన్నామెది. నువ్వు సూడని మనిషిది."

నేను మంచం మీద దుప్పటి సర్దాను.

"పద్మకేమిష్టమో నాకు తెల్వది కాక. ఎంత యాది జేసుకున్నా వస్తలేదు. ఇంటికి పోయినప్పుడల్లా నాకిష్టమైనయే వండింది. నేనొచ్చిన అని పండగే. నేను పోతున్న అని పండగే. అది ఏం దిన్నదో నేను సూల్లే."



కథ అక్కడితో ఆగిపోయింది. ఎవరూ తర్వాతేమైంది అని అడగలేదు.

జనవరి 24

మళ్ళీ సగం అన్నం పారేశాడు.

జనవరి 25

ఆ పత్రికల సంగతి. క్లబ్బులో దొరసానులు చదివి పడేసినవి. నా ఇంగ్లీషంతా వాటిదే. గోవా ఆయన ఒక డిక్షనరీ ఇచ్చాడు, మొదటి పేజీలు ఎలుక తినేసింది. అందుకే ఇప్పటికీ మొదటి అక్షరంతో మొదలయ్యే మాటలు నాకు సరిగా రావు. మధ్య అక్షరాల్లో మాత్రం నాతో ఎవరూ గెలవలేరు.

ఒక నెల పత్రికలో ఆమెకు మక్క రొట్టె ఇష్టం. ఇంకో నెల సముద్రపు రొయ్యలు ఇష్టం. ఇంకో నెల ఏమీ తినదు, పూల వాసన చూస్తే చాలు. స్టూడియోలో కూర్చుని ఎవడో గుమాస్తా రాసేవాడు ఇవన్నీ. నేను మక్క రొట్టె ఏరుకున్నాను. ఎందుకంటే అక్కడ చెంచా ఉంది. గ్లాసు ఉంది. అబద్ధం చెప్పేవాడు అంత దూరం ఆలోచించడు... అనుకున్నాను.

ఇప్పుడు మల్లేశ్ దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె మొదటి పెళ్ళి కెమెరా వెనక పనిచేసే అతనితో. ఒక ఆడపిల్ల. విడిపోయాక అతని తల్లి పిల్లను తీసుకుపోయింది; షూటింగులు తిరిగే ఆడదానికి పిల్లెందుకు అని కోర్టు కూడా అన్నది. రెండో పెళ్ళి ఎందుకు చేసుకుందో ఎవరూ రాయలేదు. ముప్పై దాటాక స్టూడియో ఒప్పందం మళ్ళీ రాయలేదు. తల్లి వేషాలు, పనిమనిషి వేషాలు, టీవీలో సబ్బు పట్టుకుని నవ్వడం. ఆ నవ్వు నేను చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది.

జనవరి 26

రాత్రి భోజనాల దగ్గర మల్లేశ్ కూతురికి ఫోన్ చేశాడు. శ్రుతి, కరీంనగర్ హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. వాడికి చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే ఓపిక లేదు. స్పీకరు. నాకు వినిపిస్తుందని తెలుసు. వినాలనే కావచ్చు.

"బిడ్డా, మీ అమ్మకు తిననీకె ఏమిష్టముండె?"

వెనక హాస్టల్ పిల్లల అరుపులు.

"ఏమో నాయినా... అందరం తిన్నంక తినేది గదా."

"ఏదన్న ఒక్కటి."

"గంజు గీకి మాడు తినేది నాయినా. అడుగంటిన బువ్వ. పలపల నమిలేది. నాకియ్యవా అంటే ఇయ్యకపోయేది. మాడు తింటే నీ పెండ్లిల వాన పడ్తదే అనేది."

"ఇష్టముండి తినేదా? మిగిలిందని తినేదా?"

"నాకేం తెల్సు నాయినా!" — ఆ పిల్ల ఏడుపు మొదలైంది. "నేనడగలే. నువ్వు అడగలే. ఎవ్వలం అడగలే."

ఫోన్ పెట్టేశాక వాడు నా వైపు చూశాడు. నేను నా ప్లేటులోకి చూశాను.

జనవరి 27

రాజవ్వకు ఫోన్ చేశాను. నా భార్యకు. వారానికి రెండుసార్లు చేస్తాను, నీళ్ళొచ్చాయా, మోకాలెట్లుంది, ఇంతే.

"నీకు తిననీకె ఏమిష్టమే?" అన్నాను.

"ఏమైందయ్యా? జరమొచ్చిందా?"

"ఊకెనే అడుగుతున్న."

"ముసలితనంల ఇదేం రోగం. దవాఖానకు పో." అంతలోనే తిరిగి నన్నే అడిగింది. "నువ్వు జెప్పు సూద్దాం. నాకేమిష్టం?"

నేను తడుముకోకుండా అన్నాను: "సర్వపిండి."

ఆమె నవ్వింది. ఎంతసేపు నవ్విందో. పక్కనెవరికో చెప్పి మళ్ళీ నవ్వింది.

"అది నీకిష్టమయ్యా."

నిజమే. అది నాకిష్టం.

జనవరి 28

వాన. ఈ దేశంలో వాన పడితే రోడ్డు ఎటుపోవాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. సామాన్ రూము కప్పు రెండు చోట్ల కారుతోంది, కింద పెయింటు డబ్బాలు పెట్టాను. చప్పుడు బాగానే ఉంది.

మల్లేశ్‌ను ఫోర్‌మన్ నా దగ్గరకు పంపాడు. నిన్న స్కాఫోల్డింగ్ మీద బెల్టు కొక్కెం తగిలించకుండా నడిచాడట. పట్టపగలు, అంత ఎత్తున. "తాత, ఇతన్ని కిందే ఉంచు" అని ఫోర్‌మన్ ఒక్క మాట అని పోయాడు. కోపం లేదు ఆ మాటలో. భయం ఉంది.

తుప్పు పట్టిన క్లాంపులు ఏరుతూ కూర్చున్నాం.

"మర్చిపోయినవా, కావాలని పోయినవా?" అన్నాను.

"తెల్వది కాక."

అబద్ధం కాదు అది. అందుకే మాట మార్చాను, అంటే డెల్లవ్వ దగ్గరకు పోయాను. నాకున్న దారి అదొక్కటే.

వృద్ధాశ్రమానికి పోకముందు ఆమె ఎడారిలో ఉండేదని ఫోన్లో చదివాను, చక్రాల మీద కట్టిన ఇంట్లో. చక్రాలున్నా ఎటూ పోలేదు. వారానికోసారి టోపీ పెట్టుకుని కొట్టుకు పోయి సరుకులు తెచ్చుకునేది. కొట్లో పిల్ల ఒకసారి అడిగిందట — అమ్మా, మీరు ఆ సినిమాల్లో ఆమె కదా అని. "ఆమె చచ్చిపోయింది తల్లీ, చాలాసార్లు" అని చిల్లర తీసుకుని వచ్చేసిందట.

మల్లేశ్ క్లాంపు కింద పెట్టాడు. "బిడ్డ రాకపోయేదా?"

"వచ్చినట్టు ఎక్కడా రాయలె."

"అయితే ఆమెకు గూడ ఎవ్వలు పెట్టరు."

"వాళ్ళల్ల ఆ పద్ధతి లేదురా."

"వాళ్ళల్ల లేకపోతే ఏంది? మనల్ల ఉన్నది గద." పైకి చూశాడు, కప్పు కారుతున్న వైపు. "మక్క రొట్టె జేయిద్దాం కాక. ఆమెకు. పద్మకు నేను మాడు పెడ్త. పిట్ట ముడితే అదే ఇష్టమున్నట్టు. ముట్టకపోతే..."

ముట్టకపోతే ఏమిటో చెప్పలేదు. కానీ నేను వాడి బెల్టు చూస్తున్నాను, మేకుకు తగిలించి ఉంది, కొక్కెం ఊగుతోంది.

వద్దని చెప్పాల్సింది. ఇక్కడ పిట్టలు మన మాట వినవురా అని చెప్పాల్సింది. సరే అన్నాను.

జనవరి 29

మక్క పిండి సిత్రా బజార్లో పాకిస్తానీ కొట్లో దొరికింది. చల్ల కోసం వెతకనక్కర్లేదు, ఇక్కడ కోల్డ్‌స్టోర్ అనే ఏ కిరాణా కొట్లో అయినా లబన్ ఉంటుంది, పుల్లగా, తెల్లగా, సీసాలో. ఇన్నేళ్ళు తాగుతూ ఆమెకు ఇష్టమైనది ఇదేనని తోచలేదు.

దానియేలు పిండి వేళ్ళతో నలిపి చూశాడు. "మాలో పిట్టలకి పెట్టడాలు లేవండి మాస్టారూ. మా పాస్టరుగారు వింటే కోప్పడతారు." గిన్నెలో వేన్నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. "అయినా ఆవిడ మా మతమే కదండీ! రొట్టె కాల్చడం పాపమని ఎక్కడా రాయలేదు లెండి."

మాడు వాడి వల్ల కాలేదు. ఇరవై ఏళ్ళుగా అన్నం అడుగంటకుండా వండినవాడు. కావాలని మాడ్చమంటే చేయి రావట్లేదు, ఊరికే మంట తగ్గించేస్తాడు. మల్లేశ్ వాణ్ణి పక్కకు జరిపి తానే నిలబడ్డాడు. వంటిల్లంతా పొగ. పక్క రూమోళ్ళు దగ్గుకుంటూ వచ్చి, ఏం భాయ్ క్యాంపు కాలుతోందా అన్నారు. గరిటెతో గీకితే పెద్ద చెక్క లేచింది. అంచుల్లో నలుపు, మధ్యలో బెల్లం రంగు.

వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసిన చూపు... రాయలేను.

జనవరి 30, శుక్రవారం

పొద్దున డాబా మీదికి పోయాం. నీళ్ళ ట్యాంకు, డిష్షులు, ఆరేసిన లుంగీలు. ఒకవైపు చమురు ట్యాంకులు, ఒకవైపు నువైద్రాత్ మసీదు. గాలి చల్లగా ఉంది.

పిట్టగోడ మీద రెండు స్టీలు పళ్ళేలు. ఒకదాంట్లో రొట్టె ముక్కలు, గ్లాసులో లబన్. ఇంకోదాంట్లో మాడు. మల్లేశ్ రెండోదాన్ని దూరంగా, గోడ మూలకు జరిపాడు. చేతులు కడుక్కున్నాడు. అందరం ట్యాంకు వెనక్కి వచ్చి నిలబడ్డాం.

ఇక్కడ కాకి మా వీసాల యజమాని, కఫీల్ లాంటిది. ఉందంటారు, కనపడదు.

"కాకే రావాల్నా?" పోశెట్టి గుసగుస.

"పిట్ట చాలు."

"గోరెంక పిట్టల జమేనా?"

"దుబాయిల దొరికిందే పిట్టరా, నోర్ముయ్."

తుబ్లీ తీరం వైపు నుంచి తెల్లటి సముద్రపు పిట్ట ఒకటి వచ్చి గోడ మీద దిగింది. రొట్టె చూసింది. మమ్మల్ని చూసింది. చేపలు లేవని తెలుసుకుని పోయింది. "ఇది దొరసానిలెక్కనే ఉన్నది కాక" అన్నాడు పోశెట్టి. ఎవరూ నవ్వలేదు, వాడు కూడా.

తర్వాత గోరింకలు. రెండు, వాటి వెనక ఇంకో రెండు. రొట్టె మీద పడ్డాయి. ఒకటి గ్లాసు తోసేసింది, లబన్ గోడ మీంచి కారింది, ఆ తడిని కూడా పొడుచుకు తిన్నాయి.

"తిన్నది! డెల్లవ్వ తిన్నది!" చప్పట్లు కొట్టారు. ఒకడు ఈల వేశాడు. దానియేలు రెండు చేతులూ జోడించి, మళ్ళీ గుర్తొచ్చి విడదీశాడు. నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఈసారి శుక్లం కాదు. పత్రిక గుమాస్తా రాసింది నిజమే అయి ఉండాలి. లేదా గోరింకలకు మక్క రొట్టె ఇష్టం. రెండిట్లో ఏదైనా ఆ నిమిషం నాకు ఒకటే. ఇన్నాళ్ళకు ఆమె ఒక పూట కడుపు నిండా తిన్నది.

మల్లేశ్ ఆ వైపు చూడలేదు. మూలకే చూస్తున్నాడు.

గోరింకలు రొట్టె అయ్యాక గోడ వెంట నడిచాయి. మాడు దాకా వచ్చాయి. ఒకటి మెడ వంచింది. ఎగిరిపోయాయి.

ఎండ ఎక్కింది. దానియేలు ప్రార్థనకు వెళ్ళిపోయాడు. కుర్రవాళ్ళు బట్టలుతకడానికి ఒక్కొక్కరే దిగారు. పోశెట్టి మెల్లగా అన్నాడు: "ఏదన్న మాటియ్యరా. మాటిస్తే వస్తది."

"ఇచ్చిన మాటలే మస్తున్నయి పోశన్నా. వచ్చే యాడాదికొస్త అన్న. ఇల్లు కట్టినంక వస్త అన్న. పోరి సదువైనంక వస్త అన్న. ఇంకేం మాటియ్యాలె?"

పోశెట్టి కూడా దిగిపోయాడు.

ఇద్దరమే. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. ఇలాంటప్పుడు సినిమాలో ఏం చేస్తారో నాకు తెలుసు. ఎక్కడి నుంచో రెక్కల చప్పుడు, సంగీతం, హీరో టోపీ తీయడం. గాలి తప్ప ఏమీ లేదు. మసీదులో నమాజుకు పిలుపు వినిపించింది.

వాడు లేచాడు. గోడ దగ్గరకు పోయాడు. నేనూ లేచాను, తొందరగా — ఆ గోడ నడుము ఎత్తు కూడా ఉండదు.

మాడు చెక్క విరిచాడు. చిన్న ముక్క. నోట్లో వేసుకున్నాడు.

నమిలాడు. చాలాసేపు. పలపల చప్పుడు నాకు వినిపిస్తోంది.

"ఎట్లున్నదిరా?"

"చేదు." ఇంకా నములుతున్నాడు. "గట్టిగున్నది." మింగాడు. నాలుక పళ్ళ మీద తిప్పుకున్నాడు. "ఆఖరుకు జర తీపున్నది కాక."

ఇంకో ముక్క విరిచాడు. తిన్నాడు. దసరా తర్వాత వాడు ఒక ముద్ద రుచి చూసి మింగడం నేను చూడటం ఇదే మొదలు.

"ఇష్టపడొచ్చు," అన్నాడు. నా వైపు తిరిగాడు, చిన్నపిల్లాడిలా. "ఇష్టపడొచ్చు గద కాక దీన్ని? మనిషన్నంక?"

మిగిలిన చెక్కను పళ్ళెం మధ్యలో సర్ది, గాలికి పోకుండా పక్కన చిన్న రాయి పెట్టాడు. పొద్దుగూకే దాకా ఉంచుదాం అన్నాడు. పొద్దుగూకింది. రేపటిదాకా అన్నాడు.

జనవరి 31, శనివారం

డాబా మీద కూర్చుని రాస్తున్నాను. డ్యూటీ బస్సుకు ఇంకా టైముంది. వాడికంటే ముందు చూద్దామని వచ్చాను.

పళ్ళెం బోర్లా పడి ఉంది, ట్యాంకు దగ్గర. రాయి ఒకచోట. మాడు ఎక్కడా లేదు. గోడ కింద చూశాను, సందులో చూశాను, లుంగీలు దులిపి చూశాను. ఒక్క మెతుకు లేదు.

రాత్రంతా గాలి. పళ్ళేలు దొర్లించేంత గాలే. పిల్లులూ ఉన్నాయి ఈ క్యాంపులో. పిట్టలూ ఉన్నాయి.

పళ్ళెం తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంతకాలం చావును అడుగుకు చుట్టి నవ్వును పైకి తెచ్చినవాణ్ణి. అది ఫిల్ము. అతుకు ఎక్కడుందో వేలికి తెలిసేది. ఇక్కడ వేలికి ఏమీ తెలియడం లేదు. ముట్టింది అని నేను చెబితే వాడు బెల్టు కొక్కెం తగిలించుకుంటాడా? తెలియదు అంటే...

కింద తలుపు చప్పుడు.

"కాకా! ఉన్నవా పైన?"

ఉన్నాను అన్నాను.

"ముట్టిందా?"

తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆగి, ఆగి వస్తున్నాడు.